ప్రశ్నోత్తరాల్లో వినతిపత్రాలు

‘ఫలానా మండలంలో ఫలానా రోడ్డు పనులు నిలిచిపోయిన మాట వాస్తవమేనా? అయితే, అందుకు కారణాలేమిటి? ఎప్పటిలోగా పూర్తి చేస్తారు?’ శాసనసభలో మంత్రి నోటిమాటగా జవాబివ్వాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు దాదాపు ఈ అచ్చులోనే ఉంటాయి. జవాబులకూ ఓ అచ్చుంది. కాదండి. ప్రశ్న ఉత్పన్నం కాదు. నిధుల లభ్యతను బట్టి చేపట్టడం జరుగుతుంది. ప్రశ్న రాసేది చాలాసార్లు ఎమ్మెల్యే దగ్గరి పీఏ, జవాబు తయారయ్యేది సచివాలయంలోని ఏదో సెక్షన్‌లో. కాగితం మీద ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు. పేచీ మొదలవ్వాల్సింది సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేసినప్పుడు.

అక్కడే మనవాళ్లు చేతులెత్తేస్తున్నారు. మైకు రాగానే ముఖ్యమంత్రికి ధన్యవాదాలు, గత ప్రభుత్వానికి నాలుగు తిట్లు, ఆ తర్వాత నియోజకవర్గంలోని వంతెన, వసతిగృహం, పశువుల ఆసుపత్రి, అన్నీ కలిపి ఓ చిట్టా. ‘ప్రశ్న అడగండి’ అని స్పీకర్ రెండుసార్లు గుర్తుచేశాక ‘మీ ద్వారా మంత్రిగారిని కోరుతున్నాను అధ్యక్షా’ అని ముగింపు. మంత్రికి ఇంతకంటే సుఖమైన పని ఉండదు. సభ్యులు మంచి విషయం ప్రస్తావించారు, తప్పకుండా పరిశీలిస్తాం అని కూర్చుంటారు. ప్రశ్న వేసినవాడికి జవాబు చెప్పాలి. అర్జీ పెట్టుకున్నవాడికి ఆ అవసరం లేదు, అభయం ఇస్తే చాలు.

పరిపాలనా అనుమతి ఏ తేదీన ఇచ్చారు, టెండర్లు ఎన్నిసార్లు పిలిచారు, కాంట్రాక్టరుకు ఎంత బిల్లు బకాయి ఉంది, అది ఏ నెల నుంచి ఆర్థిక శాఖ దగ్గర ఆగింది? ఈ నాలుగూ అడిగితే ఏ మంత్రికైనా అంకెలు చెప్పక తప్పదు. లేదా అంకెలు తన దగ్గర లేవని సభలో ఒప్పుకోవాలి. రెండోదీ సమాధానమే.

సభ్యులకు ఇది తెలియక కాదు. ముఖ్యమంత్రి కార్యాలయంలో ఓ మాట, ఆర్థిక శాఖలో ఓ సంతకం ఇచ్చే ఫలితం సభలో ప్రశ్న ఇవ్వదని అనుభవం మీద నేర్చుకున్నారు. మంత్రిని నిలదీస్తే ఆ రెండూ దూరమవుతాయన్న భయం సరేసరి. అధికార పక్ష సభ్యుడు కాస్త గట్టిగా అడిగాడంటే మర్నాడు ‘స్వపక్షంలో విపక్షం’ అన్న శీర్షిక సిద్ధం. రోడ్డు సంగతి పోయి, ఆయనకు మంత్రి పదవి రాలేదన్న అలక దగ్గర చర్చ తేలుతుంది.

2024 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్ సభలో 175 మందికి 164 మంది అధికార కూటమి వాళ్లే. మిగిలిన 11 మంది వైసీపీ సభ్యులు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ సభకు దూరంగా ఉంటున్నారు. హోదా దక్కకపోతే నాయకుడికి కొన్ని సదుపాయాలు తగ్గవచ్చుగానీ, ఎమ్మెల్యేకు ప్రశ్న వేసే హక్కు తగ్గదు. ఆ పదకొండు నియోజకవర్గాల తాగునీరు, పింఛన్ల సంగతి సభలో ఎవరు ఎత్తాలి? ఉన్నవాళ్లు అడగలేక, లేనివాళ్లు రాక, మంత్రులకు మాత్రం ప్రశ్నోత్తరాల గంట హాయిగా గడిచిపోతోంది.

సూటిగా అడిగితే ఏం వస్తుందో పోలవరం చెబుతుంది. ప్రాజెక్టు వల్ల నిర్వాసితులయ్యే కుటుంబాలు మొత్తం 1,06,006 అనీ, 41.15 మీటర్ల మట్టం వరకు మునిగే తొలి దశలో ఉన్నవి 38,060 అనీ స్పష్టంగా తెలిసింది కేంద్ర జలశక్తి శాఖ పార్లమెంటుకు ఇచ్చిన సమాధానాల వల్లే. పూర్తి నిల్వ మట్టం 45.72 మీటర్లు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం రూ.30,436.95 కోట్లకు ఆమోదం తెలిపింది తక్కువ మట్టానికే. ముంపు మండలాలైన కుక్కునూరు, వేలేరుపాడుల్లో ఇప్పుడు ఎవరిని కదిపినా ‘కాంటూరు’ (నేల ఎత్తును చూపే గీత) మాటే వస్తుంది. 2022 జులై వరదలో ఇల్లు మునిగినా, కాంటూరు లెక్కలో పై గీత అవతల పడితే తొలి దశ ప్యాకేజీ రాదు. ఒకే ఊళ్లో ఓ వీధికి పరిహారం, పక్క వీధికి ఎదురుచూపు. మొత్తంలోంచి తొలి దశను తీసేస్తే మిగిలే 67,946 కుటుంబాలకు పునరావాసం ఏ ఏడాది, ఎవరి ఖర్చుతో? పార్లమెంటులోనూ అసెంబ్లీలోనూ ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని ప్రతి సమావేశంలోనూ అడగవచ్చు. ఆ పట్టుదలే కరవు.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలుంటాయి. మౌఖిక సమాధానం దాకా వచ్చేవి మామూలుగా అయిదారు. మిగతావాటికి కాగితమే దిక్కు. ఆ కాగితానికీ విలువ ఉండాలనే 1953లో ప్రభుత్వ హామీల కమిటీ పెట్టారు. సభలో మంత్రి ఇచ్చిన మాటను మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. ‘పరిశీలనలో ఉంది’ అన్నా హామీ కిందే లెక్క. దాంతో జవాబులు రాసేవాళ్లు తెలివిమీరారు. ఫలానా స్టేషన్‌లో రైలు ఆపుతారా అని ఎంపీ అడిగితే, హాల్టులు కల్పించడం నిరంతర ప్రక్రియ అని రైల్వే శాఖ బదులిస్తుంది. అందులో అవునూ లేదు, కాదూ లేదు. హామీల కమిటీకి దొరికే పోగు కూడా లేదు. మన శాసనసభలకూ హామీల కమిటీలున్నాయి. తమ నియోజకవర్గానికి మంత్రి ఇచ్చిన మాట ఆ జాబితాకెక్కిందో లేదో చూసుకునే సభ్యులు ఎందరున్నారన్నది వేరే సంగతి.

అడిగి అడిగి విసిగిన జనం ఏం చేస్తారో నల్లగొండ ఒకసారి చూపించింది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంకర్లు పోయిన పల్లెలకు కృష్ణా నీళ్లు కావాలని దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఎన్నో తలుపులు తట్టింది. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడుకుంది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను రూ.500 నుంచి రూ.10,000కు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ నిలబెట్టని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఇలా వందల మంది నిలబడింది ఒక్క నల్లగొండలోనే కాదు, నిజమే. కానీ నీళ్లు అడిగినవాళ్లకు ముందుగా అందింది మాత్రం డిపాజిట్ పెంపు.

ఆ నీళ్ల కోసమే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో పని మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలోనూ తెలంగాణలోనూ సభ్యులు అడుగుతూనే వచ్చారు, మంత్రులు గడువులు చెబుతూనే వచ్చారు. తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు మిగిలి ఉండగా 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఇద్దరి మృతదేహాలే బయటికి తేగలిగారు.

వచ్చే సమావేశాల్లో ఉమ్మడి నల్లగొండ సభ్యులెవరైనా ‘సొరంగం ఎప్పటికి పూర్తి చేస్తారు’ అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నకు ఇరవై ఏళ్లుగా తేదీలు వస్తూనే ఉన్నాయి. ఈ ఆర్థిక సంవత్సరంలో ఎన్ని మీటర్లు తవ్వారు, కూలిన చోట రాతి పొర గురించి ముందు చేసిన సర్వేల్లో ఏముంది, ఆ నివేదికను సభ ముందు ఉంచుతారా, చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ఎవరు ఎంత చెల్లించారు? ముందు ఇవి అడగండి. మంత్రి ‘పరిశీలిస్తాం’ అంటే కూర్చోకుండా ఏ తేదీలోగా అని అడగండి.