షోరూంవాడి మాటే తీర్పా?

కారు కొన్న నాలుగో ఏట ఏసీ కంప్రెసర్ పోయిందనుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది. దానికి కట్టిన డబ్బుకీ, ఆ పైన 18 శాతం జీఎస్టీకీ రసీదు కూడా ఉంది. సర్వీస్ సెంటర్లో అడ్వైజర్ కంప్యూటర్ వైపు ఓసారి చూసి, "ఇది వారంటీలోకి రాదండి" అంటాడు. యజమాని మారుమాట్లాడకుండా బిల్లు కట్టి బండి తెచ్చుకుంటాడు. రాజమండ్రిలో ఇదే తంతు, కాకినాడలో ఇదే, భీమవరంలోనూ ఇదే. ఎందుకు ఊరుకున్నారని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "షరతులు చదవకుండా సంతకం పెట్టేశాక ఇంకేం చేస్తామండీ? తప్పు మనదే కదా!"

ఈ మాట రొయ్యల చెరువు రైతు అంటాడు, కాలేజీ లెక్చరరూ అంటాడు. చదువుకున్నవాళ్లయితే మరింత గట్టిగా, అదేదో లోకజ్ఞానం అన్నట్టు అంటారు. నేను చెబుతున్నాను, ఇది పచ్చి పొరపాటు. చట్టం ముందు నిలవదు, న్యాయం ముందు అసలే నిలవదు.

చదవలేదంటారా? చదవమని ఎప్పుడిచ్చారు? డెలివరీ రోజున టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పూలదండ, తాళం చేతిలో పెడుతూ ఫొటో. ఆ సందడిలో వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేయిస్తారు. షరతుల పుస్తకం చాలాసార్లు డబ్బు కట్టాకే చేతికొస్తుంది. వచ్చినా చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాలు. "అయిదేళ్లు మీరు రూపాయి తీయక్కర్లేదండి" అని నమ్మించేటప్పుడు తెలుగు బాగానే వచ్చింది కదా? మినహాయింపుల దగ్గరికొచ్చేసరికి ఆ తెలుగు ఎక్కడికి పోయింది?

కొనేవాడికి తెలియజేయని మినహాయింపును చూపించి క్లెయిము కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో భారత్ వాచ్ కంపెనీ కేసులో చెప్పింది. దుకాణం బేస్‌మెంటులో ఉందని తెలిసే అగ్నిప్రమాద పాలసీ అమ్మి, తీరా తగలబడ్డాక "బేస్‌మెంటుకు వర్తించదు" అన్న బీమా సంస్థను 2022లో టెక్స్‌కో కేసులో అదే కోర్టు గట్టిగా మందలించింది. ఒప్పందం అసలు ప్రయోజనాన్నే చంపేసే షరతు చెల్లదు పొమ్మంది. ఇవి బీమా కేసులే, కారు వారంటీ కేసులు కావు. కానీ సూత్రం ఏమిటి? ఒక పక్షం ముద్రించి తెచ్చిన కాగితం మీద రెండో పక్షం సంతకం చేసినంత మాత్రాన అందులోని ప్రతి ముక్కా శాసనం అయిపోదు. ఈ సూత్రం బీమాకు పనికొచ్చి వారంటీకి ఎందుకు పనికిరాదో చెప్పాల్సిన బాధ్యత కంపెనీ లాయరుది, మనది కాదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకా ముందుకెళ్లి 'అన్యాయమైన ఒప్పందం' అనే విభాగాన్నే చేర్చింది. ఇక్కడో మెలిక ఉంది. షరతు అన్యాయమని కొట్టేసే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ మాత్రమే ఇచ్చింది. కానీ డబ్బు తీసుకుని ఒప్పుకున్న పని చేయకపోవడం సేవాలోపం. దాన్ని జిల్లా కమిషన్ నిక్షేపంగా విచారిస్తుంది.

ఇక షోరూంవాళ్లు చెప్పే కారణాలు చూడండి. "మూడో సర్వీస్ ఆలస్యంగా చేయించారు." సరే, ఆయిల్ మార్చడం ఆలస్యమైతే ఏసీ కంప్రెసర్ ఎందుకు పోతుంది? "బయట షెడ్డులో పని చేయించారు." ఏ పని? మ్యూజిక్ సిస్టం బిగించినందుకు స్టీరింగ్ రాక్ అరిగిందా? "బంకులో కల్తీ డీజిల్ పోయించారు." శాంపిల్ తీశారా? ఏ ల్యాబుకు పంపారు? రిపోర్టేది?

బయట రిపేరు విషయంలో మనవాళ్లకున్న భయం మరీ పాతుకుపోయింది. బయటి మెకానిక్ బానెట్ ఎత్తితే చాలు, వారంటీ మొత్తం గంగలో కలిసినట్టేనని నమ్ముతారు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో ఈ సంగతి సూటిగా తేల్చింది. బయట రిపేరు చేయిస్తే వారంటీ రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదు. ఆ రిపేరులో తప్పు జరిగి ఏ మేరకు నష్టం వచ్చిందో ఆ మేరకే వారంటీ తగ్గించుకోవచ్చు. ఆ తర్వాత అప్పీళ్లు, రిట్లు నడిచాయి, కొందరి జరిమానాలూ తగ్గాయి. అయినా ఆ తర్కాన్ని కాదనగలవాడెవడు? పాఠకులారా, తీర్పరులు మీరే. కారణానికీ నష్టానికీ లంకె చూపించకుండా చేతులు దులుపుకోవడం న్యాయమేనా?

ఆ లంకె చూపించాల్సింది ఎవరన్నదే అసలు ప్రశ్న. మినహాయింపు వర్తిస్తుందని నిరూపించే భారం ఆ మినహాయింపు చాటున నిలబడ్డవాడిదేనని బీమా తగాదాల్లో సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. కోనసీమ బండి కదా, ఇంజన్లోకి నీళ్లు వెళ్లుంటాయి అంటే సరిపోదు. వెళ్లాయని చూపించాలి. పరీక్ష అవసరమైతే జిల్లా కమిషనే ఆ భాగాన్ని ల్యాబుకు పంపి, 45 రోజుల్లో నివేదిక తెప్పించుకోవచ్చు. కాబట్టి విప్పిన పాత పార్టును షోరూంలో వదిలేసి రావడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

కంపెనీ చెప్పే ప్రతిదీ అబద్ధమని నేననను. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు అరుగుతాయి, వాటిని వారంటీలో అడగడం సబబు కాదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో మునిగిన కారు సంగతి బీమా సంస్థతో తేల్చుకోవాలి. ఒక పార్టు పోయినందుకు కొత్త కారే కావాలంటే 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వారంటీ ఉన్నది లోపమున్న పార్టు మార్చడానికేనంది. డీలరు చేసిన ప్రతి పనికీ తయారీ కంపెనీ బాధ్యురాలు కాదని 2021లో టాటా మోటార్స్ కేసులో చెప్పింది. అందుకే ఫిర్యాదులో డీలరును, తయారీదారును, వారంటీ కాగితం మీద పేరున్న సంస్థను ముగ్గురినీ చేర్చాలి. ఒక్కరిని వదిలితే మిగిలినవాళ్లు ఆ వదిలినవాడి మీదికి నెట్టేస్తారు.

"కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు మాస్టారూ, లాయరు ఫీజుకే కారమ్ముకోవాలి" అనేది ఇంకో వాదం. ఇదీ తెలియకుండా అనే మాటే. చెల్లించిన ధర 5 లక్షల లోపయితే కమిషన్‌కు రుసుమే లేదు. 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. లాయరు తప్పనిసరి కాదు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, చెన్నైలో ఉన్నా, ఫిర్యాదుదారుడు తానుండే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అది రాజమండ్రి కావచ్చు, కాకినాడ కావచ్చు, ఏలూరు కావచ్చు. ఆన్‌లైన్లోనూ వేయవచ్చు. ఒక్క కారు కొనుక్కుని అన్నవరం, ద్వారకా తిరుమల కిరాయిలు తోలుకుంటూ పొట్టపోసుకునేవాడిని కూడా చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. ఓడిన కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే కట్టమన్న సొమ్ములో సగం ముందు జమ చేయాలి. మూడు నెలల్లో తేల్చాలన్న గడువును కమిషన్లు చాలా కేసుల్లో నిలబెట్టుకోవడం లేదు, నిజమే. దానికి తిట్టాల్సింది ఖాళీలు నింపని ప్రభుత్వాన్ని. బిల్లు కట్టి ఇంటికి పోవడం దానికి విరుగుడు ఎలా అవుతుంది?

చేయాల్సిన పని కష్టమైందేమీ కాదు. "రాదు" అన్న మాటను నోటితో వినకండి. ఏ షరతు, దాని నంబరెంత, ఏ పరీక్ష చేసి ఆ మాటన్నారు, ఇవన్నీ జాబ్ కార్డు మీద రాసి ఇవ్వమనండి. ఇవ్వనంటే ఆ రోజే ఈమెయిలు పెట్టండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. బిల్లు కట్టక తప్పకపోతే, అభ్యంతరంతో కడుతున్నానని దాని మీద రాసి కట్టండి. ఆలస్యం మాత్రం చేయకండి. తగాదాకు కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్లలోపు కేసు పడాలి. "పైనుంచి అప్రూవల్ రావాలండి, వచ్చే వారం చూద్దాం" అని షోరూంవాడు తిప్పే ప్రతి వారమూ ఆ రెండేళ్లలోంచే పోతుంది.