ముక్క పరీక్షకు జంకవద్దు

ఖుర్ఆన్ పారాయణ నియమాలు నేర్చుకునే ప్రతి విద్యార్థికీ తొలినాళ్లలోనే కంఠాక్షరాల పాఠం వస్తుంది. అరబ్బీ అక్షరాలలో ఆరు గొంతు నుండి పుడతాయి. గొంతు అడుగుభాగం నుండి హమ్జా, చిన్న హా; నడిమి భాగం నుండి ఐన్, పెద్ద హా; నోటికి దగ్గరి భాగం నుండి గైన్, ఖా వెలువడతాయి. వైద్యులు కూడా గొంతును ఇంచుమించు ఇలాగే విభజించి చూస్తారు. అడుగున స్వరతంత్రులున్న స్వరపేటిక, దాని వెనుక ఆహారం దిగే మార్గం, పైన టాన్సిల్సు, నాలుక మొదలు. క్యాన్సర్ ఈ భాగాలలో దేనిలోనైనా పుట్టవచ్చు. ఎక్కడ పుట్టిందన్న దానిని బట్టి దాని లక్షణాలూ, వేగమూ మారుతాయి.

స్వరతంత్రి మీద పుట్టిన క్యాన్సర్ త్వరగా బయటపడుతుంది. చిన్న కురుపంత ఉన్నప్పుడే స్వరం బొంగురుపోతుంది. ఆ భాగంలో లింఫు నాళాలు చాలా తక్కువ గనుక వ్యాధి అక్కడి నుండి మెడలోకి పాకడానికి సమయం పడుతుంది. ఆ దశలో గుర్తిస్తే పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి నయమవుతుంది. చాలామందికి స్వరం కూడా దక్కుతుంది. స్వరపేటిక వెనుక పుట్టినది అలా కాదు. అది మౌనంగా పెరుగుతుంది. మింగేటప్పుడు నొప్పి, చెవిలో పోటు, మెడలో నొప్పిలేని గడ్డ కనిపించేసరికి చాలా దూరం వెళ్లి ఉంటుంది.

మన అనంతపురం ప్రాంతంలో గొంతు బొంగురుకు సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటుంది: దుమ్ము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ మెట్టభూమిలో గాలికి మట్టి లేవని నెల అరుదు. వేరుశనగ నూర్పిళ్లలోనూ, బెంగళూరు కట్టడాల సిమెంటు పనిలోనూ గొంతు రాచుకుపోవడం మామూలే. కనుక బొంగురుపోయిన గొంతుకు తేనె, అల్లం, కరక్కాయ, ఆపై మందుల అంగడి మాత్రలతో నెలలు గడిచిపోతాయి. దుమ్ము వల్ల కలిగిన బొంగురు విశ్రాంతి ఇస్తే తగ్గుముఖం పడుతుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే, అందునా బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ అలవాటున్న వ్యక్తి అయితే, చెవి-ముక్కు-గొంతు వైద్యుని వద్దకు వెళ్లి తీరాలి.

వైద్యుడు గొట్టపు కెమెరాతో చూసి, “ముక్క తీసి పరీక్షకు పంపాలి” అంటాడు. అనేక కుటుంబాలు సరిగ్గా ఇక్కడే వెనుదిరుగుతున్నాయి. “కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది” అని పెద్దలు భయపెడతారు. ఈ భయంలో నిజమెంతో తెలియాలంటే, క్యాన్సర్ అసలు ఎలా పాకుతుందో తెలియాలి. దీనిని శాస్త్రజ్ఞులు కణాలలోని ప్రోటీన్ల ద్వారా చదువగలుగుతున్నారు.

ప్రోటీన్ అనగానే మనకు పప్పు, మాంసం, గుడ్డు గుర్తుకు వస్తాయి. కాని శరీరంలోని ప్రతి కణంలోనూ వేలాది రకాల ప్రోటీన్లు పనివారిలా ఉంటాయి. ఒకటి కాపలా కాస్తుంది, ఒకటి కబురు అందుకుంటుంది, మరొకటి కణాన్ని పక్క కణంతో కలిపి పట్టుకుంటుంది.

1979లో కనుగొనబడిన పి53 అనే ప్రోటీన్ కాపలాదారు. కణంలోని జన్యుపదార్థం దెబ్బతింటే అది విభజనను ఆపివేస్తుంది. మరమ్మతు సాధ్యం కాకపోతే ఆ కణం తనంతట తాను నశించేలా చేస్తుంది. పొగాకు పొగలోని విషాలు పడిన జన్యువులలో ఈ కాపలాదారును తయారుచేసే జన్యువు ముఖ్యమైనది. తల, మెడ భాగాల క్యాన్సర్లలో అత్యధికంగా చెడిపోయి కనిపించే జన్యువు ఇదే. కాపలా పోయిన ఇంట్లో దెబ్బతిన్న కణాలు అడ్డులేకుండా పెరుగుతాయి.

రెండవది ఇ.జి.ఎఫ్.ఆర్. కణం పైపొరపై నిలిచి, “పెరుగు” అన్న సంకేతాన్ని అందుకునే ప్రోటీన్ ఇది. ఆ సంకేతాన్ని మోసే పదార్థాన్ని కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి లభించింది. గొంతు క్యాన్సర్లలో అధికభాగం కణాలపై ఈ ప్రోటీన్ మితిమీరి ఉంటుంది. దీనిని అడ్డుకునే నిమోటుజుమాబ్ అనే మందును 2006లో మన పొరుగునే ఉన్న బెంగళూరు నుండి బయోకాన్ సంస్థ విడుదల చేసింది.

ఇక పాకడం సంగతి. ఆరోగ్యవంతమైన పొరలో కణాలు ఇటుకల గోడలా ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. వాటి మధ్య గచ్చులా పనిచేసేది ఇ-కాడ్హెరిన్ అనే ప్రోటీన్. క్యాన్సర్ ముదిరేకొద్దీ కొన్ని కణాలలో ఈ ప్రోటీన్ తగ్గిపోతుంది, పట్టు సడలుతుంది. అదే సమయంలో ఎం.ఎం.పి.లు అనే మరికొన్ని ప్రోటీన్లు అడుగుపొరను కత్తెరల్లా కోసి దారి చేస్తాయి. వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీన్ కొత్త రక్తనాళాలను తన వైపు రప్పించుకుంటుంది. ఇలా పట్టు వీడి, గోడ కోసి, దారి వేసుకున్న కణాలే మెడలోని లింఫు గ్రంథులకూ, అక్కడి నుండి ఊపిరితిత్తులకూ చేరుతాయి.

అంటే క్యాన్సర్ ప్రయాణానికి కావలసిన కత్తి దాని లోపలే ఉంది. వైద్యుని చేతి పరికరం కోసం అది ఎదురుచూడదు. గొంతులో నుండి గింజంత ముక్క తీయడం వల్లనో, మెడ గడ్డలోకి సన్నని సూది పంపడం వల్లనో వ్యాధి వ్యాపించడం అత్యంత అరుదు. మరి ముక్క తీసిన తరువాతే ఫలానావారికి ముదిరిందని ఎందుకంటారు? పరీక్షకు వచ్చేసరికే ఆరేడు నెలలు దాటిపోయి ఉండటం వల్ల. ఫలితం చేతికి వచ్చాక కూడా ఇంకో రెండు నెలలు సందేహంలో గడిపివేయడం వల్ల. నింద మాత్రం సూది మీద పడుతోంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. మెడలో గడ్డ కనిపించగానే ఎక్కడపడితే అక్కడ దానిని కోయించుకోరాదు. మొదట గొంతు లోపల చూపించుకోవాలి. గడ్డకు సన్నని సూది పరీక్ష చేయించుకోవాలి. నిపుణులు పాటించే క్రమం ఇదే.

తీసిన ముక్కను మైనంలో గట్టిపరచి, వెంట్రుక కంటే సన్నని పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. క్యాన్సర్ అవునో కాదో అక్కడే తేలుతుంది. అవసరమైతే ఫలానా ప్రోటీన్‌కే అంటుకునే యాంటీబాడీలను దానిపై వేస్తారు. ఆ ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. ఇన్ని ప్రోటీన్లకూ ప్రతి రోగికీ పరీక్ష చేయరు, చేయనవసరం లేదు. పైన చెప్పిన వాటిలో కొన్ని ఇంకా పరిశోధకులకే ఎక్కువ ఉపయోగం. చికిత్సలో ముఖ్యంగా అక్కరకు వచ్చేవి రెండు.

టాన్సిల్సు, నాలుక మొదలు భాగాల క్యాన్సర్‌లో పి16 పరీక్ష చేస్తారు. అది ఉంటే వ్యాధికి హెచ్.పి.వి. అనే వైరస్ కారణమని భావిస్తారు. అలాంటి రోగులు చికిత్సకు బాగా లొంగుతారు. ఈ ఫలితం చూసి రోగి శీలాన్ని శంకించడం అన్యాయం. ఆ వైరస్ లోకమంతటా సర్వసాధారణం. అది ఎప్పుడో సోకి, దశాబ్దాల తరువాత వ్యాధిగా బయటపడవచ్చు. అనుమానించడం మహాపాపమని నేర్చుకున్న మనం రోగి మంచం దగ్గర దానిని మరవరాదు.

రెండవది పి.డి.-ఎల్1. కొన్ని క్యాన్సర్ కణాలు ఈ ప్రోటీన్‌ను ముసుగులా ధరించి, శరీర రక్షక కణాల కన్నుగప్పుతాయి. ఆ ముసుగు పనిచేయకుండా చేసే మందులకు మార్గం చూపిన ఇద్దరికి 2018లో నోబెల్ లభించింది. ఈ మందులు సామాన్యునికి అందని ఖరీదువి. అందుకే ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు వాటిలో ఒకటైన నివోలుమాబ్‌ను మూడు వారాలకు 20 మిల్లీగ్రాముల చొప్పున, అంటే మామూలు మోతాదులో పదోవంతు కంటే తక్కువగా, ఇచ్చి చూశారు. పూర్తిగా నయమయ్యే దశ దాటిన తల, మెడ క్యాన్సర్ రోగులలో ఏడాది తరువాత జీవించి ఉన్నవారు ఈ మందు కలపనప్పుడు నూటికి 16 మంది, కలిపినప్పుడు 43 మంది.

ఒక హెచ్చరిక. “రక్తం ఇస్తే చాలు, క్యాన్సర్ తెలిసిపోతుంది” అనే ప్యాకేజీలకు డబ్బు పోయకండి. స్వరపేటిక క్యాన్సర్‌ను నిర్ధారించే నమ్మకమైన రక్తపరీక్ష నేటికీ లేదు. రక్తపరీక్ష బాగుందని బొంగురు గొంతును వదిలేస్తే నష్టపోయేది మనమే. సాక్ష్యం ఆ ముక్కలోనే ఉంది.

ఖర్చుకు భయపడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆరోగ్యశ్రీ పథకం 2007లో తొలివిడతగా మొదలైన మూడు జిల్లాలలో మన అనంతపురం ఒకటి. నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలువబడుతున్న ఈ పథకంలో క్యాన్సర్ శస్త్రచికిత్స, మందులు, జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ ఉన్నాయి. ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. కర్నూలులో ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. పనికోసం బెంగళూరు చేరిన మనవారికి, స్వాతంత్ర్య సమరయోధుడు రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరిట నెలకొన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆసుపత్రి మారేటప్పుడు నివేదికతోపాటు గాజు పలకలనూ, మైనపు దిమ్మనూ అడిగి తీసుకువెళ్లండి. మళ్లీ ముక్క తీయవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

వ్యాధి ముదిరి స్వరపేటికనే తొలగించవలసి వస్తే, “ఇక మాట పోతుంది, ఖుర్ఆన్ చదవడం ఎలా, నమాజు ఎలా” అని దిగులుపడి చికిత్స నిరాకరించేవారున్నారు. మాట్లాడలేనివాని నమాజు మాట లేకుండానే నెరవేరుతుంది. శక్తికి మించిన భారం ధర్మంలో లేదు. పైగా మాట తిరిగి తెప్పించే పరికరాలున్నాయి. బెంగళూరు శస్త్రవైద్యుడు డాక్టర్ విశాల్ రావు బృందం సుమారు 50 రూపాయలకే అటువంటి ఒక పరికరాన్ని రూపొందించింది.

గృహిణులారా, ఇంట్లో ఎవరి స్వరం ఎప్పటి నుండి మారిందో ముందుగా తెలిసేది మీకే. క్యాలెండరులో ఆ తేదీ దగ్గర గుర్తు పెట్టండి. మూడు వారాలు నిండితే “పని అయ్యాక చూద్దాం” అనే మాటకు ఒప్పుకోవద్దు. వైద్యుడు ముక్క తీయాలంటే బంధువుల సలహాకు వాయిదా వేయవద్దు. బీడీ, గుట్కా మానిపించడానికి రంజాన్ కోసం ఆగవద్దు. ఉపవాసంలో పగలంతా మానగలిగిన మనిషికి మిగతా రోజుల్లోనూ మానగల శక్తి ఉంది. దేహం మనకు అప్పగించబడిన అమానత్. దానిలో కలిగిన లోపాన్ని సకాలంలో పరీక్షించుకోవడం ఆ అమానత్ పట్ల మన బాధ్యత.