వేడిమిని జూపు కన్ను



బిడ్డ నుదుట చేయి వైచినచో జ్వరము తెలియును గాని జ్వరకారణము తెలియదు. విద్యుద్యంత్రముల మరమ్మతునందు నేడు వాడుచున్న థర్మల్ కెమెరాయు నట్టిదే. అది వేడిచోటును జూపును. కారణమును వెదకవలసినది మనుష్యబుద్ధియే.

1800 సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఎఱుపున కావల, కంటి కేమియు గానరాని చోట ఉష్ణమాపకము నుంచగా, అచ్చటను వేడిమి గానవచ్చెను. ఆ కిరణములనే పరారుణకిరణము లందురు. ప్రతివస్తువును దన వేడిమిని బట్టి వానిని వెలువరించుచుండును. థర్మల్ కెమెరా వానిని గ్రహించి చిత్రముగా జూపును.

పూర్వపు వీడియో గేమ్ పెట్టెలలోను, పాత టీవీలలోను నుండు పిక్చరు ట్యూబు సంగతి చూడుడు. తెరనడుమ నొక యడ్డగీత మాత్రమే వెలుగుచు దక్కినది చీకటియైనచో, బొమ్మను నిలువునకు సాగదీయు భాగము చెడిన దన్నమాట. అచ్చటి చిప్పు మితిమీరి కాగుచుండినచో దోషము దానియందో, చెంతనున్న భాగములందో యుండవచ్చును. బొత్తిగా చల్లనై యున్నచో దానికి విద్యుత్తు అందుట లేదేమో యని, కాలిన రెసిస్టరునో, బీటవారిన సాల్డరు అతుకునో వెదకవలయును. ఉండదగిన వేడి లేకపోవుటయు నొక సాక్ష్యమే.

బందరునందును, దివిసీమ తీరమునందును ఉప్పుగాలి సోకి బోర్డుపై తేమ పట్టును. రాగిగీతలు పచ్చబడి తినివేయబడును. గుడివాడవంటి లోపలి యూళ్లలో నింత యుప్పు లేకున్నను, వానకాలపు తేమయు దుమ్మును జేరి కీడు చేయును. అందుచే బోర్డును శుభ్రపఱచి, ఆ పిమ్మట గెమెరాతో బరీక్షించుట మేలు.

ఈ కన్నును మోసపోవును. మెఱుగుగల లోహము చుట్టుపట్ల వేడిమినే యద్దమువలె ప్రతిఫలింపజేయును. మన బందరు రోల్డుగోల్డు గాజును గాచి చూపినను, అది చల్లగా నున్నట్లే కానవచ్చును. అందుచే మెఱయు చోటుల నల్లని టేపుముక్క యంటించి చూతురు.

ఒక్క మాట మఱవకుడు. ప్లగ్గు తీసిన పిమ్మటను పిక్చరు ట్యూబునందు వేలకొలది వోల్టుల విద్యుత్తు నిలిచియుండవచ్చును. దాని మూత తెఱచుట నేర్చినవారి పనియే. మనము గాని, పిల్లలు గాని చేయరాదు. మన పని యడుగుట. బోర్డంతయు మార్చవలె నని మెకానికు చెప్పినచో, "ఏ భాగము చెడినది? ఏ గుఱుతును బట్టి తెలిసినది?" యని యడుగుడు; తీసిన భాగమును జూపుమనుడు. ఒక చిన్న కండెన్సరు మార్చిన దీరుదానికి బోర్డంతటి వెల యిచ్చుట గృహిణికి దగదు.

కెమెరా లేని యింటను గొన్ని గుఱుతులు గలవు. ప్లగ్గు కాలుచున్నను, స్విచ్చుబోర్డు గోధుమరంగునకు దిరిగినను, కమురువాసన వచ్చినను, వదులైన తీగ లోపల గాగుచుండవచ్చును. వెంటనే మెయిను ఆపి మనిషిని బిలిపింపుడు. ఆ వేడిమి మంటయగువఱకు వేచియుండకుడు.