పక్క వాటా తప్పుకు మన తలుపుకు తాళం

మా సంస్థకు వెబ్‌సైటు పెట్టుకోవాలనుకున్నప్పుడు నేను వేసిన మొదటి ప్రశ్న, ‘ఎంతవుతుంది?’ అని. చిన్న సంస్థల వాళ్ళం, ఇంకేం అడుగుతాం? చౌకగా దొరికేది షేర్డ్ హోస్టింగ్. అంటే ఒకే కంప్యూటరు మీద ఎందరివో సైట్లు ఉంటాయి. పేర్లు వేరైనా ఐపి అడ్రసు అనే అంకెల చిరునామా అందరికీ ఒక్కటే. ఒకే డోర్ నంబరు కింద నాలుగు వాటాలున్న అద్దె ఇల్లు లాంటిదన్నమాట. పక్క వాటాలో ఎవరున్నారో మనకు తెలియదు.

ఆ పక్కవాళ్ళు ఏదో నేరం చేశారనుకోండి. అధికారులు పేరును కాక అంకెల చిరునామాను అడ్డుకుంటే ఇల్లు మొత్తానికీ తాళం పడుతుంది.

ఇది ఊహ కాదు. 2013 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ ఒకటి పెట్టుబడుల మోసం చేసే సైటును ఆపించబోతే, అదే చిరునామాలో ఉన్న దాదాపు 1,200 సైట్లు ఆగిపోయాయి. అందరికీ ఉచితంగా పాఠాలు చెప్పే మెల్‌బోర్న్ ఫ్రీ యూనివర్సిటీ సైటు అందులో ఒకటి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2002 నాటి చట్టం కింద, పిల్లలపై లైంగిక హింస చిత్రాలున్న సుమారు 400 సైట్లను అడ్డుకోబోయి, ఏ పాపం ఎరుగని పది లక్షలకు పైగా సైట్లను అడ్డుకున్నారు. 2004లో ఫెడరల్ కోర్టు ఆ చట్టం చెల్లదని కొట్టేసింది.

పిల్లలపై నేరాన్ని ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. స్త్రీలను కించపరిచే సైట్లు మూయించమని వినతిపత్రాలిచ్చేదీ మనమే. అయితే మూయించమని అడిగేటప్పుడు, ఎలా మూస్తారని కూడా అడగాలి. మన ఐటి చట్టం 69ఎ సెక్షన్ కింద వచ్చిన 2009 నిబంధనల్లో 16వది, ఫిర్యాదులనూ వాటిపై చర్యలనూ గోప్యంగా ఉంచమంటుంది. తాళం ఎవరు వేశారో తెలియకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళి తీయమంటాం? నేరం చేసిన పేజీనే పేరు పెట్టి ఆపాలి, నష్టపోయినవారికి కారణం చెప్పాలి. ఇది మన డిమాండ్ కావాలి.

ఈలోగా మన జాగ్రత్త మనది. సైటు పేరు సంస్థ పేరునే రిజిస్టరు చేయించండి. అప్పుడు హోస్టింగ్ మార్చుకున్నా పేరు మనకే ఉంటుంది. సైటు నకలు ఒకటి మన దగ్గర ఉంచుకోండి. హెల్ప్‌లైన్ నంబరును కరపత్రాల మీదా, గోడల మీదా కూడా రాయండి.

రాత్రివేళ దెబ్బలు తిని, మన నంబరు కోసం వెతికే ఆమెకు పేజీ తెరుచుకోకపోతే, అది ఐపి అడ్రసు గొడవ అనుకోదు. ఇక్కడ కూడా ఎవరూ లేరనుకుంటుంది.