టాస్క్‌బార్‌లో తెలుగు పేరు కనబడాలి



1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. నాటి నుండి ఇక్కడి తెలుగు బడి రెండు భాషల కాగితాలతో నడుస్తున్నది. నేడు ఆ కాగితాలు కంప్యూటర్ తెర మీదికి వచ్చాయి. కన్నడ ఉత్తరువు, తెలుగు పాఠం, మార్కుల పట్టిక, నిఘంటువు, పాఠానికి కావలసిన చిత్రం, ఇలా పది విండోలు ఒకేసారి తెరవక తప్పదు. వాటన్నిటికీ సూచిక తెర అడుగున ఉండే టాస్క్‌బార్.

1995లో వచ్చిన విండోస్ 95లో తెరచిన ప్రతి విండోకూ పేరుతో ఒక బటన్ ఉండేది. విండోలు పెరిగేకొద్దీ బటన్లు కుంచించుకుపోయి పేరు తొలి అక్షరాలే మిగిలేవి. దానికి విరుగుడుగా 2001లో విండోస్ ఎక్స్‌పీ ఒకే ప్రోగ్రాం విండోలను ఒక బటన్ కిందికి చేర్చింది. 2009లో విండోస్ 7 పేర్లను దాచి బొమ్మలను మాత్రమే చూపే పద్ధతిని సహజ అమరికగా చేసింది. అయితే పేర్లు కావాలన్నవారికి ఆ వీలు ఉంచింది. 2021 నాటి విండోస్ 11 ఆ వీలును కూడా తొలగించి, వాడుకరులు అడగగా 2023లో తిరిగి ఇచ్చింది.

నా అభిప్రాయంలో ఈ కూర్పులోనే లోపమున్నది. ఉపాధ్యాయుడు పనిని ప్రోగ్రాం వారీగా విభజించుకోడు, తరగతి వారీగా విభజించుకుంటాడు. ఎనిమిదవ తరగతి పాఠం, దాని చిత్రం, దాని ప్రశ్నపత్రం ఒకచోట ఉండాలి. మూడు తరగతుల ప్రశ్నపత్రాలు ఒకే బొమ్మ వెనుక దాగితే ఒకదానికి బదులు మరొకటి ముద్రణకు పోయే ప్రమాదమున్నది.

రెండవది భాషకు సంబంధించినది. పేరు పొడవైతే టాస్క్‌బార్ చివరను కోస్తుంది. మన పేర్లలో తేడా తరచు చివరనే ఉంటుంది. ‘తెలుగు వాచకం మొదటి పాఠం’, ‘తెలుగు వాచకం రెండవ పాఠం’ అన్నవి రెండూ కోత పడ్డాక ‘తెలుగు వాచకం’ మాత్రమే. పైగా గుడులు పైన, వత్తులు కింద చేరే మన లిపికి ఎత్తు కావాలి. కనుక పేర్లు రెండు వరుసలలో పూర్తిగా కనబడేలా, తెర పక్కన నిలువుగా అమర్చుకోగల పట్టీ మనకు మేలు. కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డెస్క్‌టాప్‌లలో పట్టీని పక్కకు మార్చుకోవచ్చు, గుంపులు కట్టకుండా ఆపవచ్చు.

బొమ్మలే చాలునని కొందరంటారు. అవి చోటును ఆదా చేస్తాయి, నిజమే. కానీ సరిహద్దు జిల్లాలో తెలుగు పిల్లవాడికి అంగడి బోర్డు మీద, బస్సు మీద తెలుగు కనబడడం అరుదు. తాను వ్రాసిన వ్యాసానికి తానే పెట్టుకున్న తెలుగు పేరు తెర మీద కనబడితే, వెతికిన ప్రతిసారీ దానిని చదువుతాడు. బొమ్మ ఆ చదువును తప్పిస్తుంది.

అందుచేత నా మనవి రెండు మాటలు. ఫైళ్ల పేర్లు యూనికోడ్ తెలుగులో పెట్టండి. తేడా తెలిపే మాటను ముందుంచండి: ‘రెండవ పాఠం, తెలుగు వాచకం’ అని. విండోస్ 11 వాడేవారు టాస్క్‌బార్ అమరికలలో బటన్లను కలిపే చోట ‘నెవర్’ ఎంచుకోండి. తయారుచేసేవారు మన పనిని చూసి పట్టీని మార్చేదాకా, ఉన్న వీలును వాడుకోవడం మన చేతిలోని పని.