లెక్కకు రాని పరుగులు

విశాఖపట్టణం పేరు వినగానే డాల్ఫిన్ నోస్ కొండ, దాని అండన 1933లో ప్రారంభమైన నౌకాశ్రయం, నగరానికి దక్షిణాన వెలసిన ఉక్కు కర్మాగారం స్ఫురిస్తాయి. అక్కడ మనుషుల శ్రమను టన్నులలో కొలుస్తారు. ఓడకెక్కిన సరుకెంత, కొలిమి నుండి వెలువడిన ఉక్కెంత అని లెక్కలు కడతారు. ఆ నగరంలోనే పుట్టిన ఒక యువతి శ్రమను మాత్రం సెకనులో నూరో వంతులతో కొలవవలసి వచ్చింది. ఆమె యర్రాజి జ్యోతి. నూరు మీటర్ల హర్డిల్స్ పరుగులో భారతదేశానికి పేరు తెచ్చిన క్రీడాకారిణి.

ఆమె గెలిచిన పతకాలను గురించి లోకం తరచుగా చెప్పుకొంటుంది. ఆ పతకాలకు ముందు, లెక్కకు రాని పరుగులు మూడున్నాయి. యువతరం శ్రద్ధగా తెలుసుకోదగిన కథ వాటిలోనే ఉంది. నియమానికి తలవంచేవారు తమ హక్కును అడగలేరనీ, హక్కును అడిగేవారికి వినయం ఉండదనీ సమాజంలో ఒక అపోహ నాటుకొని ఉంది. ఆ రెండు గుణాలూ ఒక్క వ్యక్తిలో ఇమడగలవని జ్యోతి నిరూపించింది.

ఆమె 1999 ఆగస్టు 28న సామాన్య కుటుంబంలో జన్మించింది. తండ్రి ప్రైవేటు సంస్థలో కాపలా ఉద్యోగి. తల్లి ఇళ్లలో పనులు చేస్తూ, ఆసుపత్రిలో పారిశుద్ధ్య పని కూడా చేసి సంసారాన్ని ఈదింది. జ్యోతి పోర్టు ఉన్నత పాఠశాలలో చదువుతున్నప్పుడు ఆమె పొడవైన కాళ్లను, ఒడుపును గమనించిన వ్యాయామ ఉపాధ్యాయుడు హర్డిల్స్ వైపు మళ్లించాడు. 2016లో హైదరాబాదు చేరి, ద్రోణాచార్య పురస్కార గ్రహీత నాగపురి రమేశ్ వద్ద శిక్షణ పొందింది. పిమ్మట గుంటూరులోనూ, ఆ తరువాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ పర్యవేక్షణలోనూ సాధన కొనసాగించింది.

ఈ పరుగు స్వభావాన్ని కొంచెం గ్రహిస్తే ఆమె సాధన విలువ తెలుస్తుంది. నూరు మీటర్ల బాటలో పది హర్డిల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది 13 మీటర్ల దూరంలో, ఆపైన ప్రతి ఎనిమిదిన్నర మీటర్లకూ ఒకటి. రెండింటి నడుమ మూడే అడుగులు. అడుగు కురచైతే హర్డిల్ అందదు, సాగితే కాలు దానికి తగులుతుంది. ఇంతటి పరుగు పదమూడు సెకనుల లోపల ముగియాలి. భారతదేశంలో 2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పిన 13.38 సెకనుల జాతీయ రికార్డు రెండు దశాబ్దాలపాటు చెక్కుచెదరలేదు.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో అంతర్విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున పాల్గొన్న జ్యోతి 13.03 సెకనులలో గమ్యం చేరింది. పాత రికార్డు తుడిచిపెట్టుకుపోవలసిందే. కాని ఆ పోటీలో ఆమెకు నిషిద్ధ ఔషధాల పరీక్ష జరగలేదు. అఖిల భారత అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా అక్కడ లేరు. అందువల్ల ఆ పరుగు రికార్డుగా గుర్తింపు పొందలేదు. పరీక్షకు ఏర్పాటు లేకపోవడం పరుగెత్తిన విద్యార్థిని లోపం కాదు. అయినా దాని ఫలితాన్ని అనుభవించినది ఆమె.

ఆపైన కరోనా విపత్తు వచ్చింది, వెన్ను గాయం బాధించింది. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడ్‌లో జరిగిన ఫెడరేషన్ కప్ పోటీలో ఆమె 13.09 సెకనులలో పరుగు ముగించింది. ఈసారి గాలి అడ్డుపడింది. వెనుక నుండి వీచే గాలి వేగం సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ కాలాన్ని రికార్డుగా పరిగణించరు. ఆనాడు గాలి వేగం 2.1 మీటర్లు! అదే ఏడాది అక్టోబరులో గాంధీనగర్ జాతీయ క్రీడలలో 12.79 సెకనులలో పరుగెత్తినప్పుడూ గాలి పరిమితిని మించి వీచింది. గెలుపు దక్కింది కాని కాలం లెక్కకు రాలేదు.

ఇటువంటి నియమాలు కఠినమనీ, ప్రతిభను చిన్నబుచ్చుతాయనీ కొందరంటారు. ఆ మాటలో సానుభూతి ఉంది గాని వివేకం లేదు. గాలి సాయంతో వచ్చిన కాలాన్ని అంగీకరిస్తే, గాలి లేనినాడు పరుగెత్తిన మరొక బాలికకు అన్యాయం జరుగుతుంది. ఔషధ పరీక్ష లేకుంటే నిజాయితీపరుడికీ, మోసగాడికీ తేడా తెలియదు. నియమమే పేద క్రీడాకారిణికి అండ. పలుకుబడి, ధనం ఏవీ లేనివారు గడియారాన్నీ, గాలి కొలమానాన్నీ నమ్ముకోవలసిందే.

జ్యోతి వాటినే నమ్ముకొంది. 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకనులతో జాతీయ రికార్డును అధికారికంగా తన పేరిట లిఖించుకొంది. విశేషమేమంటే, రెండేళ్ల క్రితం గుర్తింపు పొందని పరుగుకంటె ఇది నెమ్మదైనది. అయినా ఆమె అక్కడితో తృప్తి చెందలేదు. అదే నెలలో ఇంగ్లండులో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04 సెకనులకు దానిని తగ్గించింది. గాంధీనగర్ పోటీ జరిగిన కొద్ది రోజులకే, అక్టోబరు 17న బెంగళూరులో 12.82 సెకనులు నమోదు చేసింది. ఈసారి గాలి హద్దులోనే ఉంది. నిబంధనలకు లోబడి పదమూడు సెకనుల లోపల ఈ పరుగు ముగించిన తొలి భారతీయ మహిళ ఆమె. 2023 జులైలో బ్యాంకాక్‌లో ఆసియా విజేతగా నిలిచింది. ఆగస్టులో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకనులతో కాంస్యం గెలిచింది.

ఇంతవరకు కనిపించినది ఓర్పు. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రెండో గుణం బయటపడింది. తుది పోటీలో తుపాకి మ్రోగకముందే పక్క వరుసలోని చైనా క్రీడాకారిణి వూ యాన్ని కదిలింది. అధికారులు మొదట జ్యోతిని దోషిగా ఎంచి పోటీ నుండి తప్పుకొమ్మన్నారు. పరాయి దేశం, ఎదుట ఆతిథ్య దేశపు క్రీడాకారిణి, చుట్టూ వేలాది ప్రేక్షకులు. జ్యోతి తలవంచి వెళ్లిపోలేదు. తాను ముందుగా కదలలేదని, దృశ్యాన్ని మరల చూడమని కోరింది. ఆక్షేపణ నమోదు చేసుకొని ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి 12.91 సెకనులతో మూడవదిగా చేరింది. పోటీ ముగిసిన తరువాత వూ యాన్నిని అనర్హురాలిగా ప్రకటించడంతో జ్యోతికి రజతం లభించింది.

తెలుగు భారతం చదివినవారికి ఇక్కడ ద్రౌపది గుర్తుకు రావచ్చు. సభాపర్వంలో ఆమె కన్నీరు మాత్రమే కార్చలేదు. ధర్మరాజు తన్నోడిన పిదప తనను ఒడ్డే అధికారం అతనికి ఉన్నదా అని ధర్మసూక్ష్మాన్ని అడిగింది. రెండు సందర్భాల బరువు ఒక్కటి కాదు. అయినా అడిగిన తీరులో పోలిక ఉంది. ఇద్దరూ ప్రశ్నించినది ధర్మాన్ని ధిక్కరించడానికి కాదు, దానిని సరిగా అమలు చేయమని. కోళిక్కోడ్‌లో గాలి కొలమానాన్ని గౌరవించినది కనుకనే హాంగ్‌ఝౌలో నియమం పేరు చెప్పి అడిగే అర్హత జ్యోతికి దక్కింది.

అడిగిన ప్రతిసారీ గెలుపు రాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత పొందాలంటే 12.77 సెకనులు కావాలి. ఫిన్లాండులో ఆమె 12.78 సెకనులలో పరుగెత్తి, నూరో వంతు తేడాతో దానిని పోగొట్టుకొంది. 1984 లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉషకు కాంస్యం తప్పినదీ సరిగా ఆ నూరో వంతుతోనే. జ్యోతి ప్రపంచ ర్యాంకు ద్వారా పారిస్ చేరి, ఒలింపిక్స్‌లో ఈ అంశంలో పాల్గొన్న తొలి భారతీయురాలైంది. తొలి పరుగులో 13.16, రెండో అవకాశంలో 13.17 సెకనులు మాత్రమే సాధించి నిష్క్రమించింది. 2025 జనవరిలో అర్జున పురస్కారం అందుకొంది. మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96 సెకనులతో ఆసియా కిరీటాన్ని నిలబెట్టుకొంది. కొద్ది కాలానికే మోకాలికి శస్త్రచికిత్స జరిగి, ఆ ఏటి ప్రపంచ పోటీలకు దూరమైంది.

ఇటువంటి జీవితాన్ని కేవలం వ్యక్తి పట్టుదలకు ఉదాహరణగా చూపి ఊరుకోవడం సమాజానికి సులభం. ఒక పాఠశాలకు ఆటస్థలం లేకుంటే, గమనించే ఉపాధ్యాయుడు లేకుంటే ఆ పట్టుదల ఎక్కడ వ్యక్తమయ్యేది? సన్మాన సభలకంటె ముందు పాఠశాలకొక మైదానం, పోటీలకు సరైన పరీక్షాధికారులు, గాయపడిన వారికి వైద్యం సమకూర్చడం ప్రభుత్వాల, సంస్థల బాధ్యత. మూడబిదిరెలో జరిగినది మరొక బాలికకు జరగకుండా చూడటమే జ్యోతికి తగిన సత్కారం.

విద్యార్థులు గ్రహించవలసినదీ ఒకటుంది. మార్కులు తక్కువగా వచ్చాయని తోచినప్పుడు జవాబుపత్రాన్ని మరల లెక్కించమని దరఖాస్తు చేసుకోవడం తప్పు కాదు, అది హక్కు. లెక్క సరిగానే ఉన్నదని తేలితే దానిని అంగీకరించి మరల పుస్తకం తెరవడం ధర్మం. జ్యోతి మూడుసార్లు రెండో పని చేసింది, ఒకసారి మొదటి పని చేసింది. ఎప్పుడు ఏది చేయాలో ఎరిగి ఉండటమే ఆమె నుండి నేర్చుకోదగిన విద్య.