హబ్షీ అని ఎవర్ని తిడుతున్నాం?

తిరుచానూరులో పంచమి తీర్థం వచ్చిందంటే మా జేజి గాజుల మలారం భుజానేసుకుని పుష్కరిణి దోవ పట్టేది. ఆడోళ్ళు చేతులు చాపి గాజులు తొడిగించుకుంటూనే అడిగేవాళ్ళు: "సాయిబులామెవా? ఇంత నల్లగుండావే!" సాయిబులంటే పఠాన్ల మాదిరి ఎర్రగా బుర్రగా ఉండాలని వాళ్ళ లెక్క. (కొండమీది నల్లనయ్యకు మొక్కొచ్చినోళ్ళే ఈ మాట అనడం మా జేజికి ఎప్పుడూ వింతే.) జేజి నవ్వేది. నవ్వి, ఇంటికొచ్చి మా అమ్మీ మొహానికి సెనగపిండి రుద్దేది.

రోగం అక్కడే మా ఇంట్లోకి వచ్చింది.

తెల్లగా ఉంటే అరబ్బు దేశంనుంచి దిగిన పరాయోళ్ళం. నల్లగా ఉంటే "మొన్నటిదాకా మీదే కులం?" అని ఆరా. ఏ రంగులో పుడితే మేం ఈ ఊరోళ్ళమవుతామో చెప్పండి! "మీరు ముస్లింల్లా ఉండరండీ, అచ్చం మాలాగే ఉంటారు" అని మెచ్చుకునే అభ్యుదయ మిత్రులారా, ఆ మెప్పులో ముల్లుంది. అది మీకు తగలదు.

సరే, మీ సంగతి అట్లుంచండి. మా సంగతేమిటి? అమ్మీని చూడ్డానికొచ్చినవాళ్ళు "గోరీ ఛోక్రీ హోనా" అని, చాయ్ తాగి లేచిపోయారు. ఆ అమ్మీనే కోపమొస్తే మా చెల్లెల్ని "హబ్షీ" అనేది. మేమూ అన్నాం. నవ్వుతూ అన్నాం.

ఎవరీ హబ్షీలు? బిలాల్ హబ్షీ. గుండెలమీద బండ పెట్టినా మాట మార్చని బానిస. ఇస్లాంలో తొలి అజాన్ పలికిన గొంతు. మసీదులో ఆయన పేరెత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం, ఇంటికొచ్చి కూతుర్ని తిడతాం. మలిక్ అంబర్ హబ్షీ. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, 1626లో చనిపోయేదాకా మొఘలుల్ని నిలవరించినవాడు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అంటే ఏమిటనుకున్నారు? ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో గుర్రాలెక్కిన సిద్దీలు. 1948 తర్వాత దళం పోయింది, జీతం పోయింది, పేట మిగిలింది. వాళ్ళ మర్ఫా వాయిద్యం మన పెళ్ళిళ్ళకు కావాలి. వాళ్ళ పిల్ల మాత్రం కోడలుగా వద్దు!

2007లో ప్రభుత్వం బి.సి.-ఇ జాబితా రాస్తూ "సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ" అని ఒక వరస రాసింది. షేకులమైన మేమూ ఆ జాబితాలోనే ఉన్నాం. రిజర్వేషన్ దగ్గర వాళ్ళ పక్కన నిలబడ్డానికి లేని నామోషీ, సంబంధం దగ్గర ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో!

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ కంపెనీవాడు కూడా సిగ్గుపడి పేరు మార్చాడు. మా ఇంటి అలమరలో ట్యూబు మాత్రం కదల్లేదు.

మొన్న మా పాపకు సంబంధం కోసం ఫొటో తీయించడానికి తిరుపతికి పోయాం. "ఒక రవ్వ తెలుపు పెంచమంటారా?" అనడిగాడు స్టూడియో అబ్బాయి. పాప వద్దంది. ఉన్నదున్నట్టు ఉండనీమంది. డబ్బులిచ్చి బయటికొచ్చాక, పాప చెప్పులేసుకునే సందులో మేం మళ్ళీ లోపలికి పోయి, "కొంచెం పెంచు నాయనా" అన్నాం.